పన్నెండో నంబరు మనిషి

ఆ రోజుల్లో నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం రాదు. (ఇప్పుడు కూర్చుంటే లేవడం రావడం లేదు, అది వేరే బాధ.) కూర్చున్నానంటే కుడికాలు దానంతటదే ఊగేది. బస్సెక్కితే డ్రైవరు కంటే ముందు నేనే బ్రేకు తొక్కేవాణ్ణి. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాణ్ణి. "వీని కాళ్ళల్ల చీమలున్నయి" అనేది మా అమ్మీ. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో కంప్యూటర్ డిగ్రీ, లోకంలో ఏ పనైనా ఒక్క బటన్ నొక్కితే అయిపోతుందనే గట్టి నమ్మకం. అలాంటివాడికి ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? ఆ తొందరలోనే నేను చర్ల వైపు నూటపన్నెండు మందికి ఒకరి అద్దాలు ఇంకొకరి ముక్కు మీద పెట్టాను. ఆ సంగతి అప్పుడు తెలిసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పకుండా పదేళ్ళు దాచుకున్నాను. ఇప్పుడు నా ముక్కు మీదికీ అద్దాలొచ్చాయి కాబట్టి చెప్పే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

మాది పాల్వంచ. మా అబ్బాకు బజారులో దర్జీ షాపు ఉండేది. కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే ఖాకీ బట్ట చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే ఖాకీ, ఒకటే నేత. ఎవరి ప్యాంటు ఎవరిదో బట్టని చూసి చెప్పడం ఎవరితరమూ కాదు. అందుకని అబ్బాకు నంబరు చీటీ అంటే ప్రాణం. గిరాకీ రాగానే ముందు నంబరున్న చీటీ చింపి ఒక ముక్క వాళ్ళ చేతికిచ్చేవాడు. ఇంకో ముక్క మీద కొలతలు రాసి, ఆ బట్ట అంచునుంచి గోరంత కత్తిరించి దానికి గుచ్చి, చీటీని బట్టకు పిన్నీసు పెట్టేవాడు. ఆ తర్వాతే కూర్చోమనేవాడు, బాగున్నారా అని అడిగేవాడు. షాపులో తెలుగే మాట్లాడేవాడు. కోపమొస్తే మాత్రం ఉర్దూలోకి వెళ్ళేవాడు, అక్కణ్ణించి మౌనంలోకి.

నాకు భద్రాచలంలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు అబ్బా నీలం గళ్ళ బట్ట తెచ్చి, నాకే చీటీ చింపాడు. "నిలబడు బేటా, నౌక్రీ షర్టు కొలత తీసుకుంట" అన్నాడు. అప్పటికే నేను ఖమ్మం పోయి రెడీమేడ్ షర్టు కొనుక్కుని వచ్చి ఉన్నాను, అదీ కాలర్ మీద ఏదో ఇంగ్లీషు రాసి ఉన్నది. "అబ్బా, ఇప్పుడెవరు కుట్టిచ్చుకుంటున్నరు? నేను తెచ్చుకున్న" అన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని నా రెడీమేడ్ షర్టు అంచు తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది. కాజాలు జల్దీ పిగులుతయి" అన్నాడంతే. నేను అప్పటికే బయటికి నడిచేశాను. నా కాళ్ళు నిలిస్తే కదా.

ఉద్యోగం ఒక ట్రస్టు నడిపే కంటి దవాఖానాలో. రోజూ పాల్వంచ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మూడు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికి. ఇంటికంటే నాకు అర్థం ఒకటే, అబ్బా పక్కన మిషన్ మీద కూర్చుని ఖాకీ ప్యాంట్లకు బొత్తాలు కుట్టడం. అది తప్పించుకోవడానికే నేను డిగ్రీ చదివాను. కాబట్టి ఆ మూడు నెలలూ నా పాలిట పరీక్ష.

పరీక్ష పెట్టే ఆయన మధిర వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. దవాఖానా పెత్తనమంతా ఆయనదే. ఆయనకు మేమందరం పెట్టుకున్న పేరు వరుస సారు. రోగుల చెప్పులు గుమ్మం బయట వరుసగా లేకపోతే ఆయనే వంగి సర్దేవాడు. ఫ్యాన్లన్నీ ఒకే వేగంతో తిరగాలనేవాడు. ముప్పై ఏళ్ళు హాజరు పిలిచిన మనిషి, నంబరు పిలిస్తే "హాజర్ సార్" అని వినబడాల్సిందే. ఇంకొకరు అద్దాల అక్క. పర్ణశాల ఆమెది, కళ్ళు పరీక్ష చేసి ఎవరికి ఏ అద్దం కావాలో రాసేది ఆమే. నేను హడావుడి పడ్డప్పుడల్లా "తమ్ముడూ, కనురెప్ప కొట్టుకున్నంత సేపన్న ఆగు" అనేది.

చేరిన రెండో నెలలో చర్లలో కంటి శిబిరం పెట్టారు. చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చారు, ఎక్కువగా పోడు చేసుకునేవాళ్ళు, వాళ్ళ ముసలివాళ్ళు. బడిలో ఒక గదిలో నేను, నా లాప్‌టాప్, కిటికీలో నా ఫోను. ఫోను అక్కడే ఎందుకంటే సిగ్నల్ ఆ కిటికీ వరకే వచ్చేది, లోపలికి అడుగు పెట్టేది కాదు. పద్ధతి ఇలా. పేరు, ఊరు, వయసు కొట్టి 'సేవ్' నొక్కితే ఆ వివరాలు హైదరాబాదులో ఉన్న పెద్ద కంప్యూటరుకు వెళ్ళేవి. అది తనంతట తానే ఒక నంబరు వేసి తెర మీద చూపించేది. ఆ నంబరు నేను మార్కర్‌తో వచ్చినవాళ్ళ అరచేతిలో రాస్తే, వాళ్ళు పక్కగదికి వెళ్ళి అక్కకు చెయ్యి చూపించేవాళ్ళు. అక్క తన కార్డు మీద ఆ నంబరు, కంటి కొలత మాత్రం రాసుకునేది. పేరు రాసే తీరిక ఆమెకు లేదు. మధ్యమధ్య సిగ్నల్ పోయి తెర మీద చక్రం తిరిగేది, తిరిగి తిరిగి 'మళ్ళీ ప్రయత్నించండి' అనేది. నేను పళ్ళు నూరుకుని మళ్ళీ నొక్కేవాణ్ణి. ఈసారి నంబరు వచ్చేది. ఏ నంబరు వచ్చిందో, దానికి ముందు ఏది ఉండాలో చూసే ఓపిక నాకు లేదు.

చూసే ఓపిక ఉన్నాయన భద్రాచలంలో ఉన్నాడు. మర్నాడు జాబితా ముద్రించి బల్ల మీద పెడితే వరుస సారు వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిది, పది, పదకొండు, పదమూడు. వేలు ఆగింది.

"పన్నెండేదయ్యా?"

"లేదు సార్."

"లేకపోవడమేంటి? పదకొండు తర్వాత పదమూడు ఎలా వస్తుందీ?"

"అదే వేసుకుంటది సార్, నంబరు నేను వెయ్యను."

"అదెవరు?"

"కంప్యూటర్ సార్."

సారు వేలు కిందికి జారింది. పందొమ్మిది లేదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు రెండూ లేవు. చివరి నంబరు నూటనలభై, మనుషులు చూస్తే నూటఇరవై మూడు. "పదిహేడు మంది! చూపు కోసం అడవిలోంచి నడిచొచ్చిన పదిహేడు మందిని ఎక్కడ పోగొట్టావయ్యా? తుడిపేశావా?" అన్నాడు సారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది, అదే నన్ను భయపెట్టింది. పది రోజుల్లో ఖమ్మం నుంచి అద్దాలు తయారై వస్తాయి. అవి పంచాక జాబితా ట్రస్టు పెద్దలకు పంపాలి. "ఒక్క నంబరు తప్పినా నేను సంతకం పెట్టను. అప్పుడు నీ మూడు నెలల సంగతి నువ్వే ఊహించుకో." నా కళ్ళ ముందు ఖాకీ బొత్తాలు వరుసగా కనబడ్డాయి.

ఆ ప్రోగ్రామ్ తయారు చేసిన హైదరాబాదు ఆయనకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. (పన్నెండోసారి చెయ్యలేదు. అప్పటికే ఆ అంకె మీద భయం పుట్టింది.) ఇంకెవరినైనా అడగొచ్చు, కాసేపు కూర్చుని ఆలోచించొచ్చు. కానీ కాళ్ళు ఊరుకోవే! పోయినవాళ్ళను వెతకాలి, అంతే. మర్నాడు పొద్దున్నే ఇంట్లో అమ్మీ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా నీలం గళ్ళ సంచిలో వేసుకుని చర్ల బస్సెక్కాను. దుమ్ముగూడెం దాటాక రోడ్డు ఉన్నచోట గుంతలు, గుంతలు లేనిచోట మట్టి. నాకు మాత్రం బస్సు కదలడం లేదనే ఉంది.

చర్ల దగ్గర పోలీసు చెకింగ్. బస్సాపి అందర్నీ ఒక్కొక్క మాట అడుగుతున్నారు. గుడికి, సంతకి, అత్తగారింటికి అని అందరూ ఒక్క ముక్కలో చెప్పి కూర్చున్నారు. నా దగ్గరికి వచ్చాడు కానిస్టేబులు.

"ఏడికి పోతున్నవ్ తమ్మీ?"

"పదిహేడు మంది కనబడుతలేరు సార్. ఎతకడానికి పోతున్న."

బస్సంతా నా వైపు తిరిగింది. కానిస్టేబులు నన్ను కిందికి దింపాడు. "పదిహేడు మందా? ఎప్పట్సంది?"

"మొన్నటి నుంచి సార్. బడి కాడికి వచ్చిన్రు, తర్వాత లేరు."

"పేర్లేంది?"

"పేర్లు లేవు సార్, నంబర్లే ఉన్నయి. నంబర్లు కూడ లేవు సార్, అందుకే ఎతుకుతున్న."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చెక్‌పోస్టు లోపల ఉన్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ బెంచీ మీద గంటన్నర కూర్చోబెట్టారు. నా జీవితంలో అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదలు. చివరికి దవాఖానాకు ఫోన్ చేస్తే వరుస సారు ఎత్తి, "అవునండీ, మావాడే. పదిహేడు మందిని వాడే పోగొట్టాడు" అన్నాడట. పెద్దాయన ఫోను పెట్టేసి నవ్వాపుకోలేక టీ తెప్పించాడు. "తమ్మీ, మనిషి తప్పిపోతే ఇంట్లోళ్ళు వస్తరు ఏడ్సుకుంట. ఈ పదిహేడు మంది కోసం ఒక్కలన్న వచ్చిన్రా?" అన్నాడు. మంచి ప్రశ్న. నేను ఆలోచించలేదు, బస్సు టైమ్ చూసుకున్నాను.

గూడెంలో చెట్టు కింద జనాన్ని పోగుచేసి, "మొన్న బడి కాడికి వచ్చి నంబర్ దొరకనోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను. నలభై చేతులు లేచాయి. "మీరందరు వచ్చిన్రా?" అంటే, "రాలేదు, ఇప్పుడు వస్తం, రాసుకో" అన్నారు. ఒక తాత చెయ్యి దించకుండా తన అరచేయి చూపించాడు, నేను రాసిన నంబరు ఎప్పుడో కడుక్కుపోయి వట్టి అరచేయి. "గీడ ఉండె" అన్నాడు. అక్కడే పచ్చి వెదురు చీల్చి బుట్ట అల్లుతున్న ఒక అవ్వ నా మొహం చూసి జాలిపడి, "నంబర్ పోతే పోయింది గాని బిడ్డా, నా అద్దం ఎప్పుడొస్తది? బుట్ట అంచు కాడ పుల్ల కనబడ్తలేదు, ఏళ్ళు కోసుకుంటున్న" అంది. ఆమె వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. "పది రోజులల్ల వస్తది అవ్వా, నేనే తెస్త" అని మాటిచ్చి వచ్చేశాను.

తిరుగు బస్సులో నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. (ఇలాంటి ఆలోచనలు నాకెప్పుడూ కదిలే బస్సులోనే వస్తాయి, అందుకే అవి నిలకడగా ఉండవు.) మనుషులు దొరకకపోతే నంబర్లే సర్దేద్దాం! ప్రోగ్రాములో నంబరు మార్చనివ్వదు కాబట్టి జాబితా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకుని, పాత నంబర్ల గడి తీసేసి, ఒకటి నుంచి నూటఇరవై మూడు దాకా మౌసుతో కిందికి లాగాను. ఒక్క లాగుడు. పదమూడో మనిషి పన్నెండయ్యాడు, పద్నాలుగో మనిషి పదమూడయ్యాడు, నూటనలభయ్యో మనిషి నూటఇరవై మూడయ్యాడు. పదిహేడు మంది పీడ వదిలింది. వరుస సారు వేలు ఒకటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా జారింది. "చూశావా, వెతికితే దొరకనిది లేదు" అని నా భుజం తట్టాడు. అద్దాల అక్క కార్డులు అప్పటికే పాత నంబర్లతో ఖమ్మం వెళ్ళిపోయాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

పది రోజులకు అద్దాలు వచ్చాయి. ఒక్కో కవరు మీద ఒక్కో నంబరు. అక్కకు దవాఖానాలో పనుండి, పంచడానికి నేనొక్కణ్ణే చర్ల వెళ్ళాను. కొత్త జాబితా చూసి పేరు పిలుస్తాను, ఆ నంబరు కవరు తీసిస్తాను. పదకొండు దాకా చక్కగా సాగింది. (ఆ పదకొండు మంది ఈ రోజుకీ నన్ను మెచ్చుకుంటారు.) పన్నెండో కవరు లేదు. ఎందుకుంటుంది? కానీ నాకు తోచిందేమిటంటే, ఖమ్మంవాళ్ళు బద్ధకిస్టులు, చెయ్యడం మరిచిపోయారు. "నీది ఇంకా రాలే, పక్కన నిలబడు" అన్నాను. మిగతావాళ్ళకు జోరుగా పంచాను. చివరికి చూస్తే పక్కన పదిహేడు మంది నిలబడి ఉన్నారు, పెట్టెలో పదిహేడు కవర్లు మిగిలి ఉన్నాయి, నూటఇరవై నాలుగు నుంచి నూటనలభై దాకా. ఏ జ్ఞానమున్న మనిషైనా ఆ చోట ఆగి తల గోక్కుంటాడు. నేను చంకలు గుద్దుకున్నాను. పదిహేడుకు పదిహేడు! తలా ఒకటి ఇచ్చేసి నాలుగింటి బస్సు పట్టుకున్నాను. బుట్టల అవ్వ అద్దాలు పెట్టుకుని నా వైపు చూసి, "బిడ్డా, నువ్వు మస్తు దూరం పోయినవేంది?" అంది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. "కొత్తల గట్లనే ఉంటది అవ్వా" అని చెప్పి బస్సుకు పరుగెత్తాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున దవాఖానాకు రాగానే చర్ల బడి పంతులుగారి ఫోను. "తమ్ముడూ, ఇవేం అద్దాలు? మా ఆటో అతను పొద్దున అద్దాలు పెట్టుకుని బండి తీసి, బడి గోడ ఏడ ఉన్నదో తెలువక దానికే ఆనించిండు. బుట్టల అవ్వ వేలు ఇంకింత లోతుగ తెగింది. అందరు మా బడి ముందట కూసున్నరు. మీ సారుకు చెయ్యాల్నా, నువ్వు వస్తవా?" నేను వస్తానన్నాను. కానీ ఎక్కింది చర్ల బస్సు కాదు, పాల్వంచ బస్సు. పారిపోయానని చెప్పడానికి మొహమాటమెందుకు, పారిపోయాను.

షాపులో అబ్బా మిషన్ తొక్కుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుంటే నా కాలి ఊపుకు కత్తెర బల్ల మీంచి కింద పడింది. అబ్బా మిషన్ ఆపాడు. "ఏమైంది?" అన్నాడు. మొత్తం చెప్పాను. పన్నెండు, పదిహేడు మంది, పోలీసు బెంచీ, ఎక్సెల్, అన్నీ. అబ్బా నవ్వలేదు. ఆయన మొహం తెల్లబోయింది.

"ఒకరి నంబర్ ఇంకొకరికి ఇచ్చినవా?"

"వరుస కోసం అబ్బా..."

"యా అల్లా! నంబర్ వరుస కోసమా? ఇది ఈయనది, అది గాయనది అని చెప్పేటందుకు గాదా? నా షాపుల గిట్ల చేస్తే పొట్టోని ప్యాంటు పొడుగోనికి పోయి, ఇద్దరు కలిసి నన్ను కొడ్తరు." మిషన్ మీది బట్ట పక్కకు జరిపి అడిగాడు. "నీ మిషన్ల నంబర్ ఎప్పుడు పుడ్తది? పని అయినంకనా, ముందుగాలనా?"

నాలుగేళ్ళు డిగ్రీ చదివిన నేను (మూడేళ్ళదే, ఒక ఏడు అదనంగా కూర్చున్నాను) ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. అబ్బా లేచి గోడకు వేలాడే ఇనప తీగ చూపించాడు. దానికి బారెడు చీటీలు గుచ్చి ఉన్నాయి, అన్నిటి మీదా అడ్డంగా 'రద్దు' అని రాసి ఉంది. "ఇగో, నేను ముందుగాల చీటీ చింపుత. చింపినంక గిరాకీ 'ఇప్పుడొద్దు భాయ్' అని పోయిండనుకో, ఆ నంబర్ పాయె. మళ్ళ ఎవరికీ ఇయ్య."

"మళ్ళా ఇస్తే ఏమైతది?"

"పోయినాయన జేబుల సగం చీటీ ఉంటది గద. రేపు వచ్చి ఇది నాదంటే? ఒక నంబర్‌కు రెండు ప్యాంట్లుంటే షాపు బంద్ చేసుకునుడే."

నాకు చర్ల బడి కిటికీ, తిరుగుతున్న చక్రం కళ్ళ ముందుకొచ్చాయి. లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాను. ఉత్తుత్తి పేరు ఒకటి కొట్టి సేవ్ నొక్కాను, నూటనలభై ఒకటి వచ్చింది. రెండో పేరు కొట్టి, నొక్కి, ఆ మరుక్షణం ఫోనులో నెట్ ఆపేశాను. చక్రం తిరిగింది, 'మళ్ళీ ప్రయత్నించండి' అంది. నెట్ పెట్టి మళ్ళీ నొక్కాను. నూటనలభై మూడు! నూటనలభై రెండు మాయం. మళ్ళీ చేశాను, మళ్ళీ ఒకటి మింగింది. అంటే నొక్కగానే అక్కడ చీటీ చిరుగుతోంది, వివరాలు రాసేలోపు సిగ్నల్ పోతోంది, గిరాకీ లేని చీటీ తీగకెక్కుతోంది. పదిహేడు మంది ఎప్పుడూ పుట్టనే లేదు. అబ్బా నా భుజం మీంచి తెర చూస్తూ, "మంచిదే. దీనికి నాకున్నంత తెలివున్నది" అన్నాడు.

అప్పుడాయన చేసిన పని నేను ఊహించలేదు. కత్తెర, టేపు సొరుగులో పెట్టి, సూదుల డబ్బీ, నల్లదారం జేబులో వేసుకుని షట్టర్ దించేశాడు. పట్టపగలు, గిరాకీల వేళ! "నడువు. ఎవరి కొలత వాళ్ళకియ్యకుంటే నాకు అన్నం దిగదు" అన్నాడు. భద్రాచలంలో దిగి అద్దాల అక్కకు నిజం చెప్పాను. ఆమె నన్ను కనురెప్ప కొట్టుకున్నంత సేపు చూసి, పరీక్ష పెట్టె తీసుకుని మాతో బస్సెక్కింది. అసలు నంబర్ల జాబితా కంప్యూటరులో భద్రంగానే ఉంది, నేను పాడుచేసింది ఎక్సెల్ కాగితాన్నే. చర్లలో ఆ జాబితా పట్టుకుని అందరి అద్దాలూ వెనక్కి తీసుకున్నాం. కొన్ని కవర్లలోనే ఉన్నాయి, నంబరు చూసి ఇచ్చేశాం. కవర్లు పారేసినవాళ్ళు యాభై మందికి పైనే. దూరం చూపువాళ్ళను అక్క గోడ మీద అక్షరాల అట్ట పెట్టి చూసింది. దగ్గర చూపువాళ్ళకు అక్క కొలత చూసి అద్దం ఎంచి ఇస్తే, అబ్బా బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరి చేతికి సూది, దారం ఇచ్చాడు. "ఎక్కియ్యి. ఎక్కితే అద్దం నీది."

ఆ సాయంత్రం చర్ల బడి ముందు అంతమంది సూదిలో దారం ఎక్కించడం చూశాను. ఒకాయనకు అద్దం సరిపోలేదు గానీ, ఫ్రేము నున్నగా ఉందని ఇవ్వనన్నాడు. "గీ మొకానికి గిదే మంచిగున్నది" అన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి అక్కకు అరగంట పట్టింది. బుట్టల అవ్వ వంతు వచ్చేసరికి నా కాలు ఊగడం కూడా మానేసింది. మొదటి జత పెట్టింది, దారం సూది పక్కనుంచి పోయింది. రెండోదీ అంతే. మూడోది పెట్టుకుని ఆమె దారం చివర నాలుకకు తడిచేసి, సూదిని ఎత్తి, ఒక్క పోటుతో ఎక్కించింది. ఎక్కించి నా వైపు చూసింది. "ఇప్పుడు దగ్గరికొచ్చినవ్ బిడ్డా" అంది. సూది మాత్రం తిరిగివ్వలేదు. వేళ్ళకు చుట్టిన పీలికలు కుట్టుకోవాలట. అబ్బా "ఉంచుకో అవ్వా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నల్లదారం చుట్టే వంకతో మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇక మిగిలింది వరుస సారు. పదిహేడు ఖాళీలున్న పాత జాబితా, ప్రతి ఖాళీలో 'రద్దు' అని చేత్తో రాసి, ఆయన ముందు పెట్టి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన ఒక్కొక్క 'రద్దు' మీదా వేలు పెట్టి చూశాడు. చివరికి "రద్దయితే ఆ కాగితమేదయ్యా?" అన్నాడు. లాప్‌టాప్ తెరిచి, ఆయన కళ్ళ ముందే నొక్కి నెట్ ఆపి, ఒక నంబరు మింగించి చూపించాను. సారు కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏదీ, నన్నోసారి ఆపనివ్వు" అన్నాడు. ఒకసారి ఆపాడు, ఒకటి పోయింది. రెండోసారి ఆపాడు. మొత్తం ఆరు నంబర్లు చంపి, చిన్నపిల్లాడిలా నవ్వి, నవ్వు మానేసి, జాబితా కింద తన గుండ్రటి చేతిరాతతో "ఇందు తప్పిన నంబర్లు మనుషులు కారు" అని రాసి సంతకం పెట్టాడు. "నంబర్లు పోగొట్టినందుకు నిన్ను ఏమీ అనను. పంచిన రోజు ఆ ముసలావిడ మాట విని ఆగనందుకు అంటాను" అన్నాడు. అన్నాడు కూడా, పావుగంట. కానీ ఉంచుకున్నాడు.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక దవాఖానాలో కంప్యూటర్ల సెక్షను చూస్తున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కాలు ఊపుకుంటూ వచ్చి, "సార్, నంబర్లు తప్పుతున్నయి, నడుమ రెండు లేవు" అంటారు. వాళ్ళను కూర్చోబెట్టి టీ చెప్పి, "చల్లారినంక తాగుండ్రి" అంటాను. వాళ్ళకు నేను ముసలాడిలా కనబడతానని తెలుసు. (వాళ్ళు నాకు పెట్టిన పేరు చల్లటి సారట. మొన్ననే తెలిసింది.)

పోయిన నెల అబ్బా షాపు ఖాళీ చేశాడు. ఇప్పుడాయనకూ అద్దాలున్నాయి, అయినా సూది ఒక్కోసారి మొండికేస్తోంది. సామాను సర్దడానికి వెళ్ళి, గోడ మీది ఇనప తీగ దించి చీటీలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. తొందరేమీ లేదు. అడుగున ఎక్కడో ఒక చీటీ, అబ్బా చేతిరాతలో 'బేటా, నౌక్రీ షర్టు', కొలతల గడులన్నీ ఖాళీ, అడ్డంగా 'రద్దు'. దానికి గుచ్చి గోరంత నీలం గళ్ళ బట్ట. ఆ గళ్ళు నాకు బాగా తెలుసు. ఆ రోజు టిఫిన్ డబ్బా పెట్టుకుని పదిహేడు మందిని వెతకడానికి వెళ్ళిన సంచి అదే. ఆ తర్వాత అంగడి నుంచి కూరగాయలు మోసిందీ అదే. ఆయన కుట్టాలనుకున్న షర్టును పదేళ్ళుగా నేను చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను, ఒక్కసారైనా చూడలేదు.

"అబ్బా, ఈ నంబర్ మీద ఇప్పుడు ఒక షర్టు కుడ్తవా?" అన్నాను.

ఆయన చీటీ తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు. "ఆ నంబర్ అయిపోయింది బేటా. ఎవరికీ ఇయ్య, నీకు కూడ ఇయ్య" అన్నాడు. సర్దేసిన పెట్టెలోంచి చీటీల పుస్తకం బయటికి తీసి, కొత్తది ఒకటి చింపి, సగం నా చేతిలో పెట్టాడు. టేపు నా నడుముకు చుట్టి, అంకె చూసి, అద్దాల మీంచి నన్ను చూశాడు. "నిలబడు, కదలకు" అన్నాడు.

కదలకుండా నిలబడ్డాను.